చార్టులో పట్టని ఏడో లైను

మూడో తరగతి పిల్లవాడొకడు మండలం నుంచి వచ్చిన పెద్దసారుకు ఒకే కొబ్బరిబోండాన్ని మళ్లీ మళ్లీ బహూకరించడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, ఆ ఏర్పాటంతా నాదే. ఆ పూట పెద్దసారు ఒళ్లోకి బోండంతో పాటు ఒక గ్లోబు, ఒక హాజరు పట్టీ, మా అక్క కళ్లజోడు, ఒక ముసలమ్మ ఆకువక్కల సంచి కూడా చేరాయి. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెప్తాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఇన్నేళ్లకు నాకూ నవ్వే వస్తోంది. ఆ రోజు మాత్రం బడిగోడ సున్నంలో కలిసిపోతే బాగుండుననిపించింది.

అప్పుడు నేను హన్మకొండలో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసేవాడిని. డెస్కు అంటే విలేకరి పంపిన వార్తను దిద్ది, పేజీలో ఉన్న జాగాకు సరిపెట్టే చోటు. అక్కడ మాకు తెలిసింది ఒకటే శాస్త్రం. ముఖ్యమైన సంగతి మొదట ఉంటుంది, అంత ముఖ్యం కానిది చివర ఉంటుంది, జాగా చాలకపోతే కింది నుంచి కోయాలి. పన్నెండేళ్లు కోసీ కోసీ నా చెయ్యి ఎంత తిరిగిందంటే, ఎవరైనా పెళ్లి పత్రిక చేతికిస్తే చివరనున్న విందు లైను కొట్టేసి తిరిగి ఇచ్చేంత వరకూ వచ్చాను.

ఆ రోజుల్లోనే మా చదువుల పేజీకి ఒక వ్యాసం వచ్చింది. కంప్యూటర్ లేకుండానే చిన్నపిల్లలకు కోడింగ్ నేర్పవచ్చట. ఆటలతో, చార్టులతో, సుద్దముక్కతో. దాన్ని నేనే దిద్దాను. దిద్దాను కాబట్టి ఆ విద్య నాకు వచ్చేసినట్టే లెక్క. వంటల పేజీ దిద్దినవాడు వంటమనిషి అయినట్టు.

ఆ వ్యాసం మా విజయక్క కంటపడింది. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక లోపలికున్న ఒక ఊళ్లో ఆమె ప్రాథమిక పాఠశాల హెడ్‌మాస్టరు. ఆమె, కవిత టీచరు, ఐదు తరగతులు. అంతే ఆ బడి. పేపరు చదివిన పొద్దునే ఫోన్ చేసింది.

"తమ్మీ, కంప్యూటర్ లేకుంట కంప్యూటర్ చదువని పేపర్ల రాసినవట గదా?"

"రాయలే అక్కా, దిద్దిన."

"ఏదైతేంది. వచ్చి మా పోరగాండ్లకు జర చెప్పు. ఘన్‌పూర్ల ప్రైవేటు బడోళ్ల పసుపు బస్సు ఊళ్లెకు వస్తనంటాంది. ఆడ కంప్యూటర్ నేర్పుతరట. నాలుగిండ్లోళ్లు టీసీలు అడుగుతాండ్రు."

"మీ బడికి ఒక కంప్యూటర్ ఇచ్చిండ్రు గదా?"

"ఇచ్చిండ్రు. బీరువల ఉన్నది. దాంట్ల ఎలుక పిల్లల్ని పెట్టింది."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నవ్వకు రా. ఆ నాలుగిండ్ల పిల్లలు పోతే ఇంత చిన్న బడికి ఇద్దరు టీచర్లెందుకంటరు. నన్నో కవితనో ఇంకో ఊరికి పంపుతరు. ఒక్క టీచర్‌తోని ఐదు తరగతులు ఎట్ల నడుస్తయి? శనివారం తల్లిదండ్రుల మీటింగు ఉన్నది, మండలం నుంచి పెద్దసారు గూడ వస్తాండు. అందరి ముందట పిల్లలతోని ఏదన్న చేపియ్యి."

"నువ్వు ఫికర్ చెయ్యకు అక్కా," అన్నాను.

మా ఇంట్లో నేను ఎప్పుడు ఫికర్ చెయ్యకు అన్నా, అప్పటి నుంచే మా అక్కకు ఫికర్ మొదలవుతుంది. ఆమె అనుభవం అలాంటిది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కరెంటు లేదు, కంప్యూటరు లేదు, క్లాసు పేరు మాత్రం కోడింగు. దానికి మాస్టరును నేను.

గురువారం డెస్కుకు సెలవు పెట్టి కాజీపేటలో రైలెక్కి ఘన్‌పూర్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో బడికి చేరాను. ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"కంప్యూటర్‌కు సొంత తెలివి ఉండదు పిల్లలూ. మనం రాసిచ్చిందే చేస్తది. రాసిచ్చిన వరుసల చేస్తది. రాసిచ్చినంతే చేస్తది."

రెండో తరగతి అక్షయ చెయ్యెత్తింది. రెండు జడలు, ఒకదానికే రిబ్బను.

"మా నాయిన తీర్గనా సార్?"

"మీ నాయిన ఎట్ల?"

"మా బాపమ్మ ఎంత జెప్తే గంతే చేస్తడు."

ఆ ఒక్క మాటతో కోడింగ్ పిల్లలందరికీ అర్థమైపోయింది. ఆ బాపమ్మ పేరు లచ్చవ్వ అనీ, టీసీల ఉద్యమానికి నాయకురాలు ఆమేననీ అక్క నా చెవిలో చెప్పింది. అక్షయ వాళ్లన్న చింటు మూడో తరగతి. వీళ్లిద్దరి టీసీలే మొదటి కాగితమట. మిగతా మూడిళ్ల వాళ్లు లచ్చవ్వ ఎటు తిరిగితే అటు తిరుగుతారు.

తర్వాత రోబో ఆట ఆడించాను. ఒక పిల్లవాడు రోబో. బోర్డు మీద నాలుగు లైన్లు రాశాను. గంట దగ్గరికి నడువు. ఒక్కసారి కొట్టు. వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టు. మూడుసార్లు అయ్యాక ఆగు.

"రోబో మాట్లాడొద్దు, బోర్డు మాట తప్ప మనిషి మాట వినొద్దు," అని గట్టిగా చెప్పాను. "మేడం చెప్పినా, మీ అమ్మ చెప్పినా, కలెక్టర్ వచ్చి చెప్పినా వినొద్దు. నేను నడుమల ఆగుమంట. అది పరీక్ష. ఆగినోళ్లు అవుటు."

ముగ్గురు అవుటయ్యారు. నాలుగోవాడు చింటు. వాడి ముందు నిలబడి ఆగుమన్నాను. ఆగలేదు. బతిమాలాను. ఆగలేదు. జేబులోంచి పల్లిపట్టి తీసి చూపించాను. దాన్ని చూశాడు, గుటక వేశాడు, గంట కొట్టి వెనక్కి వచ్చాడు. మూడోసారి కొట్టాక మాత్రమే ఆగాడు. ఈలోగా ఆ గంటలు విని ఐదో తరగతివాళ్లు సంచులు సర్దుకుని గేటు దాటారనుకోండి, అది వేరే సంగతి.

"శనివారం నువ్వే రోబో," అని చింటుకు మాటిచ్చాను. "ఒక్క తప్పు చెయ్యకుంటే పన్నెండు రంగుల స్కెచ్ పెన్నులు నీకు."

శుక్రవారం హన్మకొండ చౌరస్తాలోని పుస్తకాల దుకాణంలో ఆ స్కెచ్ పెన్నులూ, ఒక లావు మార్కరూ, ఒక తెల్ల చార్టూ కొన్నాను.

"చార్టు ఒక్కటేనా సార్?" అన్నాడు దుకాణదారు. "తప్పుపోతే ఎట్ల?"

"మేం డెస్కోళ్లం భాయ్. మాకు తప్పుపోదు."

ఆ మాట మీరు గుర్తుంచుకోండి. నాకు మాత్రం గుర్తుచెయ్యకండి.

నా పథకం ఇది. పెద్దసారును మన పద్ధతిలో సన్మానించాలి, కానీ ఆ సన్మానం రోబో చెయ్యాలి. బల్ల మీద పూలదండ, శాలువా, కొబ్బరిబోండం ఉంటాయి. బల్లకు ఐదడుగుల దూరంలో సారు కుర్చీ. చార్టు బల్ల వెనక గోడకు ఉంటుంది. పతాక శీర్షికలంత అక్షరాలతో రాయడం మొదలుపెట్టాను. ఒకటి, బల్ల మీద ఉన్నవాటిలో ఒకటి తీసుకో. రెండు, ఐదడుగులు ముందుకు వెయ్యి. మూడు, చేతిలోది సారుకు ఇవ్వు. నాలుగు, నమస్తే పెట్టు. ఐదు, బల్ల దగ్గరికి తిరిగి రా. ఆరు, మళ్లీ ఒకటో లైను నుంచి మొదలుపెట్టు.

ఇక ఏడోది, మూడు వస్తువులూ ఇచ్చాక ఆగు. చూస్తే చార్టు అయిపోయింది. కింద చీమ పడుకునేంత జాగా కూడా లేదు. అక్షరాలు చిన్నవి చేసి మళ్లీ రాద్దామంటే రెండో చార్టు లేదు. ఏం చెయ్యాలి అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పన్నెండేళ్ల చెయ్యి ఆలోచించనిస్తుందా? ఏడోది చివరి లైను. చివరి లైను ఎందుకుంటుంది, కొయ్యడానికే ఉంటుంది. కోసేశాను. చార్టు అందంగా, నిండుగా, అంచుకు అంచు సరిపోయింది. పేజీ సరిపోయినప్పుడు కలిగే తృప్తి ఏమిటో డెస్కులో పనిచేసినవాళ్లకే తెలుసు.

శనివారం పొద్దున చార్టును సెల్లోటేపుతో గోడకు అంటిస్తుంటే అక్క చదివింది.

"ఎప్పుడు ఆగాల్నో ఏడ రాసినవ్ రా?"

"జాగా సాలలే అక్కా. బల్ల మీద మూడే ఉంటయి గదా. అయిపోతే వాడే ఆగుతడు."

అక్క ఇంకేదో అనబోయింది. అంతలో పెద్దసారు బండి చప్పుడైంది.

మీటింగుకు ఊరంతా వచ్చింది. పసుపు బస్సు మహిమ అది. బల్ల మీద మూడే ఉంటాయని నేను అక్కకు చెప్పిన మాట పది నిమిషాలు కూడా నిలబడలేదు. గ్లోబు ఎప్పుడూ ఉండేది అక్కడే. పెద్దసారు అడిగితే అక్క హాజరు పట్టీ తెచ్చి చూపించి బల్ల మీద పెట్టింది, దాని పక్కన కళ్లజోడు పెట్టింది. అప్పుడు లచ్చవ్వ వచ్చింది. సన్నటి మనిషి, చేతిలో కర్ర ఉంది కానీ దాన్ని నడవడానికి కాక చూపించడానికి వాడుతుంది. ఆకువక్కల సంచి బల్ల మీద పెట్టి, రొంటిన దోపుకున్న నాలుగు కాగితాలు తీసింది.

"విజయ మేడం, ఇగో మా నాలుగిండ్ల టీసీ కాయితాలు. మీ ఆటలు అయినంక సంతకం పెట్టియ్యి. బస్సోడు సోమారం సంది వస్తడట."

అక్క వాటిని తీసుకుని, ఎగిరిపోకుండా బోండం కింద పెట్టింది. నా పక్కకు వచ్చి మెల్లగా అంది.

"తమ్మీ, నీ ఆట మంచిగుంటే ఆ కాయితాలు వాపస్ తీసుకుంటరేమో. లేకుంటే ఇగ నా చేతుల లేదు."

నేను మళ్లీ ఫికర్ చెయ్యకు అన్నాను.

ఆట మొదలైంది. చింటు తల దువ్వుకుని, గుండీలన్నీ పెట్టుకుని, కళ్లు ఆర్పకుండా చార్టు వైపు చూశాడు. పూలదండ తీసుకుని ఐదడుగులు వేసి సారుకు అందించాడు. నమస్తే. వెనక్కి. శాలువా. నమస్తే. వెనక్కి. బోండం. నమస్తే. జనం చప్పట్లు కొట్టారు. "పోరనికి ఒక్క మాటన్న చెప్పలే, అంత చార్టు చూసే చేస్తాండు," అని కవిత టీచరు జనానికి వివరించింది. పెద్దసారు మెచ్చుకోలుగా తల ఊపారు. నేను ముందుకు వచ్చి చేతులు జోడించాను. నా జీవితంలో అంత వినయంగా ఎప్పుడూ నిలబడలేదు.

నా వెనక చింటు హాజరు పట్టీ తీసుకుంటున్నాడు.

ఐదడుగులు. పట్టీ సారు ఒళ్లో పెట్టాడు. నమస్తే.

"ఇది నాకెందుకు బాబూ?" అన్నారు సారు.

వాడు జవాబు చెప్పలేదు. రోబోలు మాట్లాడవని చెప్పింది నేనే. వెనక్కి వెళ్లి గ్లోబు తెచ్చాడు.

"సారుకు భూమండలం మొత్తం పట్టా చేసిండ్రు," అన్నాడు వెనక వరుసలో ఒకాయన. జనం నవ్వారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. నేనూ నవ్వాను. నా నవ్వు మాత్రం చెమటలో తడిసి ఉంది.

తర్వాత అక్క కళ్లజోడు వెళ్లింది. తర్వాత ఆకువక్కల సంచి.

"అరే చింటుగా, అది నా సంచి రా," అని లచ్చవ్వ లేచింది.

"చింటూ, చాలు, ఆగు," అన్నాను నేను.

వాడు నన్ను ఒక్కసారి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. నీ పల్లిపట్టి ఎత్తులు నాకు తెలుసులే సార్ అన్నట్టుంది. స్కెచ్ పెన్నులు పోగొట్టుకునే రకం కాదు వాడు.

"ఆగు రా చింటూ," అంది అక్క. ఆగలేదు. "ఆగుతవా, వీపు పగలాల్నా?" అని లచ్చవ్వ వాడి చొక్కా పట్టుకుంది. వాడు ఐదడుగులు వేశాడు. చొక్కాతో పాటు లచ్చవ్వ కూడా ఐదడుగులు వేసింది. "ఇంట్ల చెంబెడు నీళ్లు అందియ్యుమంటే అందియ్యడు," అంది ఆయాసపడుతూ, "ఇయ్యాల సూడుర్రి, వియ్యంకునికి చేసినట్టు చేస్తాండు మర్యాద."

ఈలోగా పెద్దసారు ఇంకో ఉపకారం చేశారు. ఎంతైనా మర్యాదస్తుడు. ఒళ్లు నిండిపోయేసరికి, ఎవరి వస్తువులు వారికి చేరాలని లేచి, బోండం, గ్లోబు తీసుకెళ్లి తిరిగి బల్ల మీద పెట్టి వచ్చారు. ఆయన కూర్చునేలోపు బోండం రెండోసారి వచ్చింది. దాన్ని మళ్లీ పెట్టి వస్తే మూడోసారి వచ్చింది. సారు బల్లకు ఇస్తున్నారు, బల్ల చింటుకు ఇస్తోంది, చింటు సారుకు ఇస్తున్నాడు. ప్రపంచంలో ఏ కంప్యూటరూ అంత చక్కగా తిరిగి ఉండదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నా ముందు పెద్దసారు, వెనక మా అక్క. నుయ్యీ గొయ్యే నయం.

నాలుగో చుట్టుకు సారు బోండాన్ని బల్ల మీద ఓ పక్కగా పెట్టారు. చింటు చేతికి ఈసారి దానికింద ఉండాల్సిన కాగితాలు తగిలాయి.

అవి సారు చేతికి వెళ్లాయి. సారు చదివారు.

"మేడం, ఇవి టీసీ దరఖాస్తులు కదా. నాలుగిళ్లూ ఒకేసారా?"

జనం నవ్వడం మానేశారు. అక్క తల వంచుకుంది. అంతసేపూ నవ్వులాటగా ఉన్నది ఏమిటో ఒక్కసారిగా నాకు అర్థమైంది. ఆ బడిని నిలబెడతానని వచ్చి, ఆ బడి పోతున్న కాగితాన్ని నా రోబోతోనే పై అధికారి చేతికి ఇప్పించాను, నమస్తే పెట్టించి మరీ.

"ఆ బడిల కంప్యూటర్ ఉన్నది సారు," అంది లచ్చవ్వ. తర్వాత కర్రతో చింటును చూపించింది. "ఈ బడిల గిది ఉన్నది. ఆపుతే ఆగది."

చింటు బల్ల దగ్గరికి వెళ్లి బోండం తీసుకున్నాడు.

అప్పుడు లేచింది అక్షయ. గోడ దగ్గరికి వెళ్లి, ఒక్కో లైను కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ పై నుంచి కింద దాకా చదివింది. చార్టు అంచు కింద ఉత్త గోడ మీద వేలు ఆపింది.

"సార్, మొన్న బోర్డు మీద ఆగు అని ఉండె. దీని మీద లేదు."

"జాగా సాలలే బిడ్డా."

"జాగా సాలకపోతే ఇంకో కాయితం అంటియ్యాలె గద సార్."

పన్నెండేళ్లలో ఏ ఎడిటరూ నన్ను అంత తక్కువ మాటల్లో తిట్టలేదు. ఆ పిల్ల కాగితం కోసం అటూ ఇటూ చూసింది. సారు చేతిలో కాగితాలున్నాయి. పైదాన్ని లాక్కుని, బల్ల మీద తిరగేసి, నా మార్కరుతో వెనక వైపు ఏడు అంకె వేసి ఆగు అని రాసింది. ఆ ఒక్క మాటకు కాగితమంతా సరిపోయింది. నన్నడిగి సెల్లోటేపు తీసుకుని దాన్ని చార్టు కింద అంటించింది.

చింటు నాలుగోసారి బోండం ఇచ్చి, నమస్తే పెట్టి, బల్ల దగ్గరికి వచ్చాడు. చార్టు చూశాడు. కొత్త కాగితం చూశాడు. "ఆ... గు," అని కూడబలుక్కున్నాడు. ఆగాడు. చేతులు పక్కలకు వాలాయి. రోబో నోరు తెరిచింది.

"సార్, నా స్కెచ్ పెన్నులు."

ఈసారి జనం నవ్విన నవ్వుకు ఐదో తరగతివాళ్లు మళ్లీ సంచులు సర్దుకున్నారు. పెద్దసారు కూడా నవ్వారు, బోండాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఎక్కడా పెట్టకుండా. తర్వాత గోడ వైపు చూసి లచ్చవ్వను పిలిచారు.

"అవ్వా, మీ మనుమరాలు రాసింది మీ టీసీ కాయితం వెనకనే. మేడం సంతకం పెట్టాలంటే దాన్ని పీకాలి. పీకుదామా?"

లచ్చవ్వ చార్టును చూసింది, మనుమరాలిని చూసింది, చివరికి నన్ను చూసింది. పై నుంచి కింద దాకా, అక్షయ చార్టును చదివినట్టే చదివింది.

"ఈ పేపర్ సారు పన్నెండేండ్ల సంది తప్పులు దిద్దుతాండట. ఈయినకు దొరకని తప్పు నా మనుమరాలికి దొరికింది. ఇగ ఆ బస్సెక్కి కొత్తగ ఏం నేర్సుకుంటది?" అని సంచి సర్దుకుంది. "పీకకుర్రి సారు. పీకితే పోరడు మళ్ల మొదలువెడతడు."

మిగిలిన కాగితాల్లో రెండు ఆ పూటే వెనక్కి వెళ్లాయి. నాలుగో ఇంటివాళ్లు మాత్రం పిల్లను పసుపు బస్సెక్కించారు. బస్సు ఆగేది సరిగ్గా వాళ్ల గుమ్మం ముందే, వాళ్లనేమంటాం? అక్క, కవిత టీచరు ఇద్దరూ అదే బడిలో ఉన్నారు. ఏడో లైను కాగితం చాలా రోజులు ఆ గోడకే ఉంది.

కథ ఇక్కడితో అయిపోతే నా పరువు కొంతైనా మిగిలేది. తిరుగు రైల్లో కూర్చుని ఆ సంగతంతా వార్తగా రాశాను. మొదట బడి కష్టాలు రాశాను, తర్వాత నాలుగిళ్లవాళ్లు టీసీలు అడిగిన సంగతి, ఆఖరి పేరాలో అక్షయ తప్పు పట్టడం, లచ్చవ్వ మనసు మార్చుకోవడం. డెస్కులో ఇచ్చి ఇంటికి వెళ్లాను. పొద్దున ఏడింటికి అక్క ఫోను.

"తమ్మీ, బడి పోతాందని రాసినవ్, టీసీలు అడుగుతాండ్రని రాసినవ్. మా లచ్చవ్వ అన్న ముచ్చట ఏది రా? ఊరంతా నన్నే అడుగుతాండ్రు."

పేపరు తెరిచి చూశాను. నా వార్త కింద ఒక చీరల దుకాణం ప్రకటన హాయిగా కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. ఆఖరి పేరా లేదు. డెస్కులో నా పక్క కుర్చీ మిత్రుడికి ఫోన్ చేశాను. పన్నెండేళ్లు నేనే నేర్పిన జవాబు చెప్పాడు.

"జాగా సాలలే అన్నా. అది లేకున్నా అర్థమైతదని కోసేసిన."

కాబట్టి చింటు సాక్షిగా, అక్షయ సాక్షిగా, నాలుగుసార్లు చేతులు మారిన ఆ కొబ్బరిబోండం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో చార్టు మీద గానీ, వార్తలో గానీ, ఎవరి పెళ్లి పత్రికలో గానీ చివరి లైను ముట్టను. ఒక చార్టు కొనాల్సిన చోట రెండు కొంటాను. దీన్ని అచ్చు వేసే డెస్కు మిత్రులకు కూడా చేతులు జోడించి మనవి చేస్తున్నాను. జాగా చాలకపోతే పై నుంచి ఎంతైనా కోసుకోండి, కింద ఉన్న ఒక్క లైను మాత్రం ఉంచండి.

ఏడు, ఆగు.